దిండుకో అద్దె ఇల్లు

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, అక్షరాలు కనిపెట్టాడు. అవన్నీ ఒక ఎత్తు, అద్దె ఒప్పందంలోని పద్నాలుగో షరతు ఒక ఎత్తు. మిగతావి లేకపోయినా నాగరికత ఎలాగోలా నెట్టుకొచ్చేది. పద్నాలుగో షరతు లేకపోతే మాత్రం ఈపాటికి మన మెట్ల మీద ఏనుగులు ఎక్కుతూ దిగుతూ ఉండేవి.

ఆ షరతు ఇది: "సదరు ఇంటియందు అద్దెదారు కుటుంబ సభ్యులు మినహా ఇతర ప్రాణులేవియు నివసించరాదు." (దోమలు ఒప్పందం మీద సంతకం చేయలేదు కనుక వాటికి వర్తించదు.)

రెండో అంతస్తులో ఉండే ఎక్స్‌రే ఆవిడ నాలుగేళ్ళ కిందట దీన్ని చదవకుండానే సంతకం పెట్టింది. పళ్ళ ఆసుపత్రిలో రోజుకు నలభై దవడలకు ఎక్స్‌రేలు తీసే మనిషికి, ఇంటికొచ్చాక ఇంకేదైనా పరిశీలనగా చూసే ఓపిక ఉండదు. షరతు సంగతి ఆవిడకు తెలిసింది అన్నయ్య ఫోన్ చేసిన రోజున.

అన్నయ్యకు ఓడలో వంటవాడిగా ఉద్యోగం వచ్చింది. మూడు వారాల్లో ఓడ ఎక్కాలి. ఎనిమిది నెలల దాకా తిరిగి రాడు. గది ఖాళీ చేసేస్తున్నాడు, సామాను ఎవరికో ఇచ్చేస్తున్నాడు. మిగిలింది దిండు.

దిండు తొమ్మిదేళ్ళ కుక్క. గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ పడుకుంటుంది, ఎవరైనా తల ఆనిస్తే కదలదు, అందుకని ఆ పేరు. ఆవిడకు కామెర్లు వచ్చి నెల్లాళ్ళు అన్నయ్య గదిలో ఉన్నప్పుడు, ఆ నెల్లాళ్ళూ అది మంచం దిగలేదు. జంతు సంరక్షణ కేంద్రం వాళ్ళను అడిగితే, ఎనిమిదేళ్ళు దాటినవాటిని పెంచుకోవడానికి ఎవరూ ముందుకు రారని మర్యాదగానే చెప్పారట.

"నువ్వు తప్ప దానికెవరున్నారే చెల్లీ," అన్నాడు అన్నయ్య. "ఎనిమిది నెలలు చూసుకో, చాలు."

ఆవిడ సాయంత్రమే కింది అంతస్తుకు వెళ్ళి ఓనరుగారి తలుపు తట్టింది.

ఓనరుగారు తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో తప్పుడు తూకం రాయి ఒక్కటి లేకుండా చేశారని ప్రతీతి. (ఈ ప్రతీతి ఆయన చెబితేనే తెలిసింది.) ఇంట్లో ఒక్కరే ఉంటారు. మెట్ల పక్కన గోడకు ఇరవై ఒక్క నోటీసులు అంటించారు. ఇరవై రెండోది, "నోటీసులను చేతితో తాకరాదు" అన్నది, చోటు చాలక ఇరవై ఒకటోదాని మీదే అంటించాల్సి వచ్చింది.

ఆవిడ విషయం చెబుతున్నంతసేపూ ఆయన ఇత్తడి తూకం రాళ్ళను మెత్తటి గుడ్డతో తుడుస్తూనే ఉన్నారు. అంతా విని, ఆఖరి రాయి పెట్టెలో సర్ది, తల పైకెత్తారు.

"నేను కాదనడం లేదమ్మా. అవుననాలంటే దానికో పద్ధతుండాలి కదా. ప్రస్తుతానికి పద్ధతి లేదు. తయారుచేస్తాను."

పద్ధతి మూడు రోజుల్లో తయారైంది. నాలుగు పేజీల కాగితం, పైన "పెంపుడు ప్రాణి నివాస అనుమతి దరఖాస్తు, నమూనా ఒకటి" అని ఉంది. నమూనా రెండు కూడా ఉందా అని ఆవిడ అడిగింది. ఉందట. నమూనా ఒకటి పోగొట్టుకున్నవాళ్ళు పెట్టుకునే దరఖాస్తు అదేనట.

ఆవిడ భర్త కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. చిన్న చిన్న మరలతో కాపురం చేసి చేసి, చిన్న చిన్న గడులు నింపడం కూడా ఆయన వంతే అయింది. అభ్యర్థి ఇంటిపేరు: బావమరిదిదే. విద్యార్హత: "కూర్చో" వరకు. వృత్తి: విశ్రాంతి. గతంలో నివసించిన ఇల్లు వదలడానికి కారణం: ఓడ. ఇటీవల తీయించుకున్న, రెండు చెవులూ కనిపించే ఫొటో జతపరచాలన్న చోట మాత్రం మొగుడూ పెళ్ళాలిద్దరికీ గంటన్నర పట్టింది. ఒక చెవిని భర్త వెనక నుంచి పట్టుకుని నిలబెట్టాడు. ఫొటోలో ఆయన బొటనవేలు కూడా వచ్చింది. అది ఎవరిదో తెలుపుతూ విడిగా ఒక వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది.

కాగితం అందాక ఓనరుగారు అది కరవదని రుజువు అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, డాక్టరుగారిని బతిమాలి, ఆదివారం ఆసుపత్రికి దిండును తీసుకెళ్ళి దవడకు ఎక్స్‌రే తీసింది. ఆవిడ సర్వీసులో అంత కదలకుండా కూర్చున్న పేషెంటు లేడు. ఓనరుగారు ఫిలిమును ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. కింద నాలుగు పళ్ళు లేవు.

"ఈయనకు కట్టుడు పళ్ళు పెట్టించే ఉద్దేశం ఏమైనా ఉందామ్మా?"

లేదని రాసిచ్చింది.

తర్వాత ఇరుగుపొరుగు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. అందరూ గుమ్మంలోనే పెట్టేశారు, మూడో అంతస్తు టీచరుగారు తప్ప. ఈమె రిటైరైన భాషా పండితురాలు, భవనపు మెట్ల కమిటీ అధ్యక్షురాలు, అందులో ఏకైక సభ్యురాలు కూడా. దరఖాస్తు నాలుగు పేజీలూ చదివి, ఎర్ర పెన్నుతో పదిహేడు తప్పులు దిద్ది, "తిరగరాసి తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నారు. అవి ఓనరుగారి తప్పులని చెబితే ఆయనకు కోపం. చెప్పకపోతే ఈమెకు కోపం. భర్త ఎవరికీ చెప్పకుండా ఆ రాత్రంతా కూర్చుని తిరగరాశాడు. మెట్లు తడవకూడదన్న ఒక్క షరతు మీద టీచరుగారు సంతకం పెట్టారు. పదికి ఆరున్నర మార్కులు కూడా వేశారు.

ఇక పది రోజులే ఉన్నాయి. దిండును కుట్టు మిషను పెట్టెలో పెట్టి పైకి తెచ్చేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడు భర్త.

"దొంగతనంగా తెస్తే అది దొంగ కుక్క అవుతుంది," అంది ఆవిడ. "తొమ్మిదేళ్ళు మర్యాదగా బతికింది. ఈ వయసులో దానికి ఆ పేరెందుకు?"

అలా ముఖాముఖి దాకా వచ్చారు. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఓనరుగారు ఇస్త్రీ చొక్కాతో ఆవరణలోకి దిగారు. చేతిలో టేపు, పక్కన పాత శాఖ నుంచి తెచ్చుకున్న పెద్ద తూకం బల్ల. అన్నయ్య దిండును తెచ్చి బల్ల ముందు వదిలాడు. అది బల్లను వాసన చూసి, ఎక్కి, ఒక చుట్టు తిరిగి, పడుకుని నిద్రపోయింది. ముల్లు అటూ ఇటూ ఊగి ఒక చోట ఆగిపోయింది. పద్దెనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు.

ఓనరుగారు ముల్లు వైపు చూశారు. దిండు వైపు చూశారు. మళ్ళీ ముల్లు వైపు చూశారు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన బల్ల ముందుకొచ్చిన ప్రతివాడూ పళ్ళెం కిందో, సంచీ పక్కనో ఎక్కడో ఒక చోట వేలు పెట్టినవాడే.

"వేలు పెట్టకుండా తూగినవాడు వీడొక్కడే," అన్నారు మెల్లగా.

ఆవిడ గమనించింది. అప్పటిదాకా కాగితాల్లో అభ్యర్థిగా ఉన్నది ఆయన నోట 'వీడు' అయింది. ఆవిడకు మొదటిసారి ఆశ కలిగింది.

కానీ ఇంకో గడి మిగిలింది: అరుపు తీవ్రత. ఫోనులో శబ్దం కొలిచే యాప్ తెరిచి ఓనరుగారు దిండు మూతి దగ్గర పెట్టారు. దిండు గురక పెట్టింది. గురకకు గడి లేదు. చప్పట్లు కొట్టారు, తాళాల గుత్తి ఊపారు. చివరికి ఓనరుగారు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, మర్యాదకు లోటు రాకుండా తానే రెండుసార్లు మొరిగారు. ఫోను ఎనభై ఒకటి చూపించింది. దిండు ఒక కన్ను తెరిచి, ఆయనను చూసి, పాపం అనుకుందో ఏమో మళ్ళీ మూసుకుంది. అరగంటలో మూడో అంతస్తు నుంచి రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది: ఆవరణలో కుక్క అరుపులు వినబడుచున్నవి, తగు చర్య గైకొనగలరు. ఓనరుగారు దాన్ని స్వీకరించి, ముద్ర వేసి, పరిశీలనలో పెట్టారు.

"సున్నా అని రాసేయండి సార్," అంది ఆవిడ.

"సున్నా అంటే కొలిస్తే సున్నా వచ్చిందని. ఇక్కడ కొలవడమే జరగలేదు. రెండూ ఒకటెలా అవుతాయమ్మా?"

ఫైలు అక్కడ ఆగింది. ఒక రోజు, రెండు రోజులు, ఐదు రోజులు. అన్నయ్య పెట్టె సర్దుకున్నాడు. సంరక్షణ కేంద్రంలో ఒక గూడు మాట్లాడి పెట్టాడు. రేపు పొద్దున అక్కడ వదిలేస్తానని ఫోనులో చెప్పినప్పుడు అతని గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది. ఆవిడ ఫోను పెట్టేసి, ఆసుపత్రి చీర మార్చకుండానే కిందికి దిగింది.

ఓనరుగారు గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఐదు రోజులుగా అలాగే కూర్చున్నట్టున్నారు. బల్ల మీద ఒక కంచం, ఒక గ్లాసు.

"సార్, మీరు ఒక్కసారి లేదనండి," అంది ఆవిడ, నిలబడే. "మీరు లేదు అంటే నేను పైకెళ్ళి ఏడుస్తాను. రేపటికి తేరుకుంటాను. మూడు వారాలుగా మీరు లేదనలేదు, ఉందనలేదు. నాకు ఏడవడానికి కూడా వీల్లేకుండా ఉంది."

ఆయన పెన్ను కింద పెట్టారు. తర్వాత, లేదు అనడం తనకు రాదని ఒప్పుకున్నారు. శాఖలో ఎవరూ నేర్పలేదట. అక్కడ లేదు అనాల్సినవాటిని బీరువాలో పెట్టేవారట, అవే కొన్నాళ్ళకు లేకుండా పోయేవట. ఇంట్లో కూడా అలాగే చేశానని, భార్య ఒక కుక్కపిల్ల కావాలని పన్నెండేళ్ళు అడిగిందని, ఆ దరఖాస్తు ఇప్పటికీ పరిశీలనలోనే ఉందని, అడిగిన మనిషే లేకుండా పోయిందని చెప్పారు. ఈ మాటలు ఆవిడతో కాక తూకం రాళ్ళతో చెప్పినట్టు చెప్పారు.

ఆవిడ కూర్చుంది.

కాసేపటికి ఓనరుగారు లేచి, ఇత్తడి రాళ్ళ పెట్టె అడుగు నుంచి ఒక ముద్ర, సీసపు బిళ్ళ తీశారు. కొత్త కాగితం మీద ఆగకుండా రాశారు: "దిండు అను ఈ వస్తువును పద్దెనిమిది కిలోల నాలుగు వందల గ్రాముల ప్రామాణిక బరువుగా ధ్రువీకరించడమైనది. ఇకపై ఈ భవనంలోని తూకములన్నియు దీనితో సరిచూసుకొనవలెను. వస్తువు అయినందున పద్నాలుగో షరతు వర్తించదు." రిటైరైన మనిషికి ఆ అధికారం ఉందా అని వెనకే వచ్చిన భర్త అడగబోయాడు. ఆవిడ ఆయన కాలు తొక్కింది.

మర్నాడు పొద్దున దిండు మెడలో సీసపు బిళ్ళతో, వస్తువు హోదాలో, మెట్లు తడపకుండా ఎక్కి రెండో అంతస్తు చేరింది. అన్నయ్య ఓడ ఎక్కాడు.

ప్రామాణిక బరువుతో ఒక చిక్కుంది. అది మారకూడదు. కాబట్టి ఓనరుగారు రోజూ పొద్దున ఆరింటికి తనిఖీకి పైకి రావాల్సి వచ్చింది. యాభై గ్రాములు పెరిగితే తనిఖీ అధికారి హోదాలో దాన్ని పార్కు చుట్టూ నాలుగు సార్లు తిప్పేవారు. తగ్గితే జేబులోంచి బిస్కెట్లు తీసేవారు. (జేబులో బిస్కెట్లు ముందే ఉండేవి కనుక సాయంత్రానికి మళ్ళీ పెరిగేది, మళ్ళీ తిప్పాల్సి వచ్చేది.) మధ్యాహ్నాలు అది కింది అంతస్తులోనే పడుకునేది, వస్తువులు చల్లటి చోట ఉంచాలన్న నిబంధన ప్రకారం. సాయంత్రం ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి తీసుకెళ్ళేటప్పుడు ఇద్దరూ వరండాలో కాసేపు కూర్చునేవాళ్ళు. దవడల కబుర్లు ఆవిడ చెప్పేది, తప్పుడు తూకాల కబుర్లు ఆయన చెప్పేవారు. మధ్యలో అది గురక పెట్టేది.

ఎనిమిది నెలలకు అన్నయ్య తిరిగొచ్చాడు. గది చూసుకున్నానని, ఇక దిండును తీసుకెళతానని నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ నవ్వింది కానీ, లోపలికి రా అనడానికి కొంచెం ఆలస్యమైంది. విషయం తెలిసి ఓనరుగారు పైకి వచ్చారు. ప్రామాణిక బరువును అప్పగించుకునే వ్యక్తిని ముందుగా తూచాలన్నది పద్ధతని మాత్రం చెప్పి, అన్నయ్యను ఆవరణలోకి తీసుకెళ్ళి బల్ల ఎక్కించారు. ఓడలో తన వంట తానే తిన్న మనిషి కదా, వెళ్ళేముందు ఓడవాళ్ళ వైద్య పరీక్ష కాగితంలో ఉన్న బరువు కంటే తొమ్మిది కిలోలు ఎక్కువ తూగాడు.

ఓనరుగారు నిలబడే రాశారు: "తన బరువునే నిలకడగా ఉంచుకోలేని వ్యక్తికి ప్రామాణిక బరువును అప్పగించుట క్షేమము కాదు. ఎనిమిది నెలల తర్వాత మరల తూచబడును."

"ఇదేంటే చెల్లీ, నువ్వన్నా చెప్పు," అన్నాడు అన్నయ్య బల్ల మీద నుంచే.

ఆవిడ కాగితం అందుకుని, ఈసారి మొదటి నుంచి చివరిదాకా జాగ్రత్తగా చదివి, సాక్షి సంతకం పెట్టింది.