ఉత్తరవాహినికి గోడ

"ఈ ఊరి ఏరు ఉత్తరవాహిని! ఉత్తరానికి పారే నీరు పరమ పావనం. దాని ఒడ్డున వెలసిన ఈ ఆలయాన్ని వారసత్వ సంపదగా ప్రకటిస్తున్నాను" అని మంత్రివర్యులు నిండుసభలో సెలవిచ్చారు. చప్పట్లు మిన్నంటాయి. ఏరు మాత్రం ఎప్పటిలాగే దక్షిణానికి పారుతూ ఉంది.

పూజారిగారు కూడా చప్పట్లు కొట్టారు. ఆయనకు కావలసిందల్లా ఒక గోడ. ఏటా వరద గుడి కింది గట్టును కోసుకుపోతోంది. గుడికీ ఏటికీ నడుమ మనిషి పక్కకు తిరిగి నడిచేంత నేలే మిగిలింది. గుడి ఉన్న తూర్పు గట్టుకు రాతిగోడ కావాలన్న ఆయన మొర ఆ సభలోనే ఫలించింది.

"ఏరు ఎటు పారితే మనకేమిటే, గోడ వస్తోంది" అన్నారు ఇంటికి వచ్చి.

"మంత్రిగారు ఆ సంగతి ఏటికి కూడా చెప్పారా, మనకేనా?" అంది భార్య.

మంత్రివాక్కు అసత్యం కారాదు కదా! ఏటిని తిప్పడానికి నిధులు లేవు గనుక ఇంజనీరుగారు మ్యాప్‌లో దిక్కులు తిప్పారు. ఉత్తరం ఉన్నచోట దక్షిణం, తూర్పు ఉన్నచోట పడమర రాయించారు. తమ మాట నిలుపుకోవడానికి రాజ్యాలు విడిచిన పుణ్యాత్ములు పురాణాలలో కనబడతారు. పరుల మాట నిలపడానికి దిక్కులనే కదిలించిన మహనీయుడు ఈయనొక్కరే.

రాళ్లు ఎదుటి గట్టున దిగాయి. పూజారిగారు పంచె ఎగగట్టి ఏరు దాటి పరుగెత్తారు.

"ఇంజనీరుగారూ, గుడి అవతల ఉంటే గోడ ఇవతల కడుతున్నారేమిటి?"

"ఆర్డరులో తూర్పు గట్టు అని ఉందండీ. మ్యాప్ ప్రకారం తూర్పు ఇదే."

"మరి గుడి?"

"పడమటి గట్టున ఉంది. అది గుడి పొరపాటు."

"బాబూ, పొద్దున్నే సూర్యుడు గుడి వెనక నుంచి వస్తాడు. రేపొచ్చి మీరే చూడండి."

"సూర్యుడు మా శాఖ కిందికి రాడండీ."

"ఇటు గోడ లేస్తే నీళ్లన్నీ అటే తోసుకొస్తాయయ్యా! గుడి మిగలదు!"

"ఉత్తరవాహిని కాదంటే వారసత్వ హోదా పోతుంది. హోదా పోతే గోడే పోతుంది. ఆలోచించుకోండి."

"ఈ గోడ పోతే చాలు నాయనా!"

"అపచారం, అపచారం! పెద్దవారు, మీరే ఇలా అంటే ఎలా?" అంటూ ఇంజనీరుగారు చెవులు మూసుకున్నారు.

గోడ దివ్యంగా లేచింది. వాన పట్టగానే పూజారి దంపతులు విగ్రహాన్ని మోసుకొచ్చి, వంటింట్లో బియ్యం డబ్బా పక్కన కూర్చోబెట్టారు. వరద గోడను తాకి, మర్యాదగా పక్కకు తిరిగి, ముందు గట్టునూ, తరువాత మండపాన్నీ, ఆపైన గర్భగుడినీ తీసుకుపోయింది.

నీరు తీశాక మంత్రివర్యులు వేంచేశారు. పూజారిగారు హారతిపళ్లెంతో ఎదురువెళ్లారు.

"ఆహా! ఇంత వరదలో ఒక్క రాయి కదల్లేదే!" అంటూ మంత్రివర్యులు గోడను నిమిరారు. "ఇంతకీ గుడికేమీ కాలేదు కదా?"

ఇంజనీరుగారు మ్యాప్ విప్పి పట్టుకున్నారు. "ఉన్నచోటే ఉంది సార్."

మంత్రివర్యులు చెప్పులు విడిచి, ఆ మ్యాప్‌కు భక్తితో చేతులు జోడించారు. "పూజారిగారూ, అలా నిలబడ్డారేం? హారతివ్వండి."

పూజారిగారు కర్పూరం వెలిగించారు.

"ఇంకాస్త దగ్గరికి పట్టండి బాబూ" అన్నారు ఇంజనీరుతో.