నచ్చని రచయిత నూరేళ్ళు వర్ధిల్లాలి

నచ్చిన రచయిత వల్ల మనిషికి ఒరిగేదేమీ లేదు!

కోప్పడకండి. ఒక్క నిమిషం ఓపిక పట్టండి. చదువుకోవడానికి టైము దొరకడం లేదని మీరంతా వాపోతున్నారా లేదా? ఆ టైముని తెచ్చి మీ ఒళ్ళో పొయ్యగలిగిన మహానుభావుడు నచ్చని రచయిత ఒక్కడే. ఎంత నచ్చకపోతే అంత టైము. పేరు వినగానే పారిపోవాలనిపించే రచయిత దొరికాడంటే ఇక మీ పంట పండినట్టే!

ఇది నేను గాల్లోంచి తీసి చెబుతున్న మాట కాదు. కళ్ళజోళ్ళక్క సంగతి వినండి, మీకే తెలుస్తుంది.

కళ్ళజోళ్ళక్క అంటే కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆవిడ. అసలు పేరు షాపు హాజరు పట్టీలో ఉంటుంది, వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడమీది అక్షరాలు చదివించడం ఆవిడ ఉద్యోగం. "పై లైను చదవండి. దాని కిందది? ఇంకా కిందది?" ఆ చుట్టుపక్కల సగం మంది పుస్తకం పట్టుకుని చదవగలుగుతున్నారంటే అది ఆవిడ చలవే. ఆవిడ మాత్రం రోజంతా చదివేది ఆ గోడమీది పదకొండు లైన్లు. అందులో కథ కూడా ఏమంత రంజుగా ఉండదు.

అలాగని చదువు మీద ఇష్టం లేక కాదు. నవ్వించే నవలంటే ఆవిడకి ప్రాణం. షాపు నుంచి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచేది. మొదటి పేరాకే పెదాలు విచ్చుకునేవి. అంతే, కొంప మునిగేది!

"నవ్వుకుంటున్నావు, ఖాళీయేనా? నా సాక్సు ఎక్కడున్నాయో కాస్త చూడు," అనేవాడు భర్త. ఆయన లిఫ్టు మెకానిక్. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టుని పావుగంటలో కిందికి దింపేస్తాడు. తన సాక్సు ఏ సొరుగులో ఉన్నాయో మాత్రం ఈ జన్మకి కనుక్కోలేడు.

"అమ్మాయ్, ఊరికే కూర్చున్నట్టున్నావు, ఈ సూదిలో దారం ఎక్కించి పో," అనేది అత్తగారు.

"అమ్మా, నీకేం పని లేదుగా, నా సైన్సు బొమ్మకి రంగులెయ్యవా?" అనేది తొమ్మిదో క్లాసు కూతురు.

వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు సుమండీ! చాలా మంచివాళ్ళు. హడావిడిగా తిరుగుతున్న మనిషిని ఆపి పని చెప్పడానికి వాళ్ళకి నోరు రాదు. కూర్చుని నవ్వుకునే మనిషయితే చెయ్యి చాపితే అందుతుంది, అంతే!

ఆ చొప్పున నూట అరవై పేజీల నవల ముగించడానికి కళ్ళజోళ్ళక్కకి పదకొండు నెలలు పట్టింది. చివరి పేజీలో హీరో ఎవరినో పెళ్ళాడాడు. ఎవరినో ఆవిడకి ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ పిల్ల మూడో అధ్యాయంలో వచ్చిందట. అంటే అంతకుముందు ఎండాకాలంలో!

ఇలా ఉండగా వీధి చివరి లైబ్రరీలో పాఠకుల సభ పెట్టారు. నిరుడు 'నాకు నచ్చిన రచయిత' అని పెడితే నలుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చినవాళ్ళు. ఈసారి లైబ్రేరియన్ తెలివి ఉపయోగించి 'నాకు నచ్చని రచయిత' అని బోర్డు పెట్టాడు. గంటలో కాగితం నిండిపోయి, కింద ఇంకో కాగితం అంటించాల్సి వచ్చింది! మందుల షాపాయన, డ్రైవింగు నేర్పే టీచరమ్మ, టైలరు, కళ్ళజోళ్ళక్క, అందరూ పేరిచ్చారు. అందరికీ నచ్చని రచయిత కూడా ఒక్కడే. వానాయన.

వానాయన ఆ ఊరివాడే. ఆయన నవల ఏది తెరిచినా మొదటి పేజీలో వాన మొదలవుతుంది. నలభయ్యో పేజీకి కాస్త తెరిపిస్తుంది. నలభయ్యొకటో పేజీలో మళ్ళీ మబ్బు కమ్ముతుంది. హీరోయిన్ గొడుగు తెరవడానికి ఒక అధ్యాయం, ముడవడానికి మరో అధ్యాయం. ఈమధ్యే వచ్చిన నవల ఎనిమిది వందల పేజీలు.

"తిట్టేముందు చదవాలి కదమ్మా," అని లైబ్రేరియన్ దాన్ని కళ్ళజోళ్ళక్క సంచీలో పెట్టాడు. సంచీ పిడి తెగింది.

ఆ సాయంత్రం ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, పెన్సిలు పట్టుకుని, చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీకి కనుబొమలు ముడిపడ్డాయి. అయిదో పేజీకి కణతలు నొక్కుకుంది. పదో పేజీలో "ఛీ, ఇంకా తడుస్తూనే ఉందా!" అని పైకే అనేసింది.

భర్త గుమ్మంలో టక్కున ఆగాడు. "ఏమైంది?"

"ఎనిమిది వందల పేజీలండీ. మొత్తం చదివి సభలో మాట్లాడాలి."

"అయ్యో పాపం!"

లిఫ్టు మెకానిక్కు నోట అంత మెత్తటి మాట పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆయన పిల్లిలా అడుగులేసుకుంటూ పక్కగదిలోకి వెళ్ళాడు. సొరుగులు లాగిన చప్పుడు వినిపించింది. సాక్సు దొరికాయి! వాటంతట అవే! అత్తగారు టీవీ సౌండు తగ్గించింది. "ష్! మీ అమ్మ కష్టపడుతోంది," అని మనవరాలిని కసిరింది. కాసేపటికి పక్కనే పొగలు కక్కుతున్న టీ కప్పు ప్రత్యక్షమైంది.

గంటన్నర గడిచింది. ఎవరూ పిలవలేదు. కళ్ళజోళ్ళక్కకి అనుమానం వచ్చి, ఇంట్లో మనుషులున్నారా లేరా అని ఒకసారి లేచి వెళ్ళి చూసొచ్చింది. ఉన్నారు. ముగ్గురూ వంటింట్లో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

చెప్పండి, ఏ నచ్చిన రచయిత చేయగలిగాడండీ ఈ పని?

మూడోరోజుకి ఆవిడ బుర్రలో దీపం వెలిగింది. వానాయన నవల పైఅట్ట ఊడదీసి, లైబ్రరీ నుంచి తెచ్చిన ఓ నవ్వుల నవలకి తొడిగింది. అక్క బట్టలు చెల్లెలికి వేసినట్టు వదులుగా వేలాడింది. షాపులోంచి ఫ్రేముల కేటలాగు తెచ్చి మధ్యలో దోపితే సరిగ్గా అమిరింది.

ఒక్కటే చిక్కు. నవ్వకూడదు!

షాపులో ఎటు తిరిగినా అద్దాలే కదా, బేరం లేనప్పుడల్లా అక్కడ సాధన చేసింది. నవ్వు పొట్టలోంచి బయల్దేరగానే కనుబొమలు ముడవాలి. గొంతు దాకా వస్తే పళ్ళు బిగించాలి. అదీ దాటితే దగ్గాలి. షాపు ఓనరు రెండు రోజులు చూసి, "ఏమ్మా, పన్ను సలుపుతోందా? సెలవు పెట్టుకో," అన్నాడు. అదిగో, సెలవు కూడా వానాయన పుణ్యమే!

ఇరవై రోజుల్లో ఏడు నవలలు! పదకొండు నెలలకి ఒకటి ఎక్కడ, ఇరవై రోజులకి ఏడెక్కడ? ఇంట్లో అంతా ఆవిడ కోసం దిగులు పడుతూ, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. కూతురు రంగులు తనే వేసుకుంది. బొమ్మలో కప్ప గుండెకాయ నీలంగా వచ్చింది, అయినా టీచరు ఏమీ అనలేదట.

అయితే ఒక ఆదివారం మధ్యాహ్నం దొరికిపోయింది.

ఎనిమిదో నవలలో ఒక పెళ్ళికొడుకు ఎవరి పెళ్ళికో వెళ్ళి పీటల మీద కూర్చుంటాడు. కళ్ళజోళ్ళక్క కనుబొమలు ముడిచింది. పళ్ళు బిగించింది. దగ్గింది. అప్పటికీ ఆగలేదు. పక్కున నవ్వేసరికి పుస్తకం చేతిలోంచి జారి, అట్ట ఊడి, కేటలాగు విడిపోయి, నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకున్న అందగాళ్ళంతా నేలమీద పరుచుకున్నారు.

ఎదురుగా అత్తగారు.

ఆవిడ వంగి పుస్తకం తీసింది. నిలబడే ఒక పేజీ చదివింది. ఇంకో పేజీ తిప్పింది. పైపెదవి వణికింది.

"అమ్మాయ్, ఇది వానాయన రాసింది కాదు."

"కాదు అత్తయ్యా," అంది కళ్ళజోళ్ళక్క, తల వంచుకుని. ఇక రేపటి నుంచి మళ్ళీ సూది, దారం, సాక్సు.

అత్తగారు వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో స్నానాలగదిలో గడియ పెట్టుకుని చదివేదాన్ని. కుళాయి తిప్పి ఉంచేదాన్ని, చప్పుడు కోసం. మీ మావయ్య తలుపు కొట్టేవారు, ట్యాంకు ఖాళీ అవుతోందని. అలా అలా మానేశాను. నలభై రెండేళ్ళయింది."

కళ్ళజోళ్ళక్క తలెత్తి ఆవిడకేసి చూసింది. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నారు. ఈవిడ పుస్తకం పట్టుకోగా తను చూడలేదు.

అత్తగారు గొంతు తగ్గించింది. "నాక్కూడా ఒక నచ్చని రచయితని చూసిపెట్టవే."

మర్నాటి నుంచి కిటికీ దగ్గర రెండు కుర్చీలు, రెండు పెన్సిళ్ళు! అత్తగారికి కొత్త కదా, నటన కాస్త ఎక్కువయ్యేది. పేజీకి రెండు మూలుగులు. ఒకరోజు కొడుకు కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, డాక్టరుని పిలవనా?"

"వద్దు నాయనా. ఈ అధ్యాయం అయిపోనీ."

సభ రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడిపోతోంది. లైబ్రేరియన్ మైకు పట్టుకుని, మొహమంతా వెలిగిపోతూ చెప్పాడు. "మీరంతా ఆయన్ని తిడతారనుకున్నాను. కానీ ఈ నెలంతా మన లైబ్రరీలో అందరూ ఎగబడి తీసుకెళ్ళింది ఆ రచయిత పుస్తకాలే! వెయిటింగ్ లిస్టు కూడా పెట్టాను! అంతటి అభిమానం చూశాక ఆయన్నే స్వయంగా పిలిచాను."

పక్క తలుపులోంచి వానాయన వచ్చాడు. బక్కపలచటి మనిషి. హాల్లో ఒక్కసారిగా అందరూ తమ తమ పుస్తకాలని ఒళ్ళో దాచుకోవడం మొదలుపెట్టారు. మొదట మాట్లాడవలసింది కళ్ళజోళ్ళక్క. ఆవిడ వేదిక ఎక్కింది.

"ఇలా ఇవ్వమ్మా, సంతకం చేసిస్తాను," అని వానాయన ఆవిడ చేతిలో పుస్తకం అందుకున్నాడు.

అట్ట తిరిగి అసలు పుస్తకానికి తొడగడం మర్చిపోయింది!

ఆయన పుస్తకం తెరిచాడు. చూశాడు. ఆయన ఒక పేజీ చదివాడు. తిప్పాడు. పొట్ట కదిలింది. వెంటనే కనుబొమలు ముడిచి, పళ్ళు బిగించి, దగ్గాడు. ఆ దగ్గు ఎంత చేయి తిరిగిన దగ్గంటే, రెండో వరసలో కూర్చున్న అత్తగారు, వేదిక మీద కోడలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీరు కూడానా?" అంది కళ్ళజోళ్ళక్క.

"మీకు అట్ట చాలిందమ్మా," అన్నాడు వానాయన నెమ్మదిగా. "నాకు నవలలే రాయాల్సి వచ్చింది. పుస్తకం పట్టుకుంటే ఖాళీగా ఉన్నానని బల్బు మార్చమంటారు. పెన్ను పట్టుకుంటే ఎవరూ పలకరించరు. కాగితాల కింద పుస్తకం పెట్టుకుని చదువుకుంటాను. ఎవరైనా గదిలోకొస్తే గబగబా వాన రాస్తాను. వానయితే ఆలోచించక్కర్లేదు కదా."

వెనక నుంచి డ్రైవింగు టీచరమ్మ లేచింది. "మరి కొత్త నవలలో డెబ్భై పేజీల తుఫాను?"

"మా బావమరిది పిల్లలతో వచ్చి పదిరోజులున్నాడమ్మా."

హాలు గొల్లుమని నవ్వింది. టీచరమ్మ తన చేతిలో పుస్తకం అట్ట తీసేసింది. లోపల వేరే పుస్తకం! మందుల షాపాయన తీశాడు. టైలరు తీశాడు. లైబ్రేరియన్ మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ రోజు ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఎవరి పుస్తకం ఎంత నవ్విస్తుందో చెప్పుకోవడంతోనే సరిపోయింది.

సభ నుంచి ఇంటికొస్తూ కూతురు అందరికన్నా ముందు నడిచింది. గేటు దగ్గర ఆగి అడిగింది. "అయితే అమ్మా, నువ్వు బాధపడుతుంటేనే మేము నీ జోలికి రాలేదా?"

కళ్ళజోళ్ళక్క గేటు తీసింది. పిల్ల తల నిమిరి లోపలికెళ్ళింది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ కుర్చీలో కూర్చుంది. అట్ట లేదు, పెన్సిలు లేదు. మూడో పేజీలో నవ్వొచ్చింది. ఇంటిల్లిపాదికీ వినబడేలా నవ్వింది.

భర్త కొలతల టేపు పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "ఖాళీగానే ఉన్నట్టున్నావు, ఈ చివర కాస్త పట్టుకో."

"ఖాళీగా లేనండీ," అంది ఆవిడ తలెత్తి. "నవ్వుకుంటున్నాను."

ఆయనకి అర్థం కాలేదు. టేపు రెండు చివర్లూ మార్చి మార్చి చూసుకుంటూ కాసేపు అక్కడే నిలబడ్డాడు. సాయం కోసం తల్లి వైపు తిరిగాడు. ఆవిడ కూడా పుస్తకంలోంచి తలెత్తకుండా నవ్వుతోంది, పళ్ళు బిగించకుండా, దగ్గకుండా.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళు నాయనా," అంది ఆవిడ.