నిప్పుకోడి లేవని సుప్రభాతము

మేఘమన్నది మచ్చుకైనను కానరాని కారూ అను ఎండునేలపై, స్వార్ట్‌బెర్గ్ పర్వతపంక్తి అప్పుడప్పుడే ఎఱ్ఱబడుచున్న శనివార ప్రభాతవేళ, రొట్టెల బట్టీకి అధిపతియు, చెక్కవిమాన సారథులలో అగ్రగణ్యుడును, భార్య మాట తప్ప అన్యభయ మెఱుగనివాడును నగు డిర్కీ విండ్‌ఫోగెల్ మహావీరుడు, మోకాళ్లపై కూర్చుండి, నేలపై నిలిచి రేడియో మీటలతో నడుపు తన చిట్టి విమానపు ముక్కునకు ప్రొపెల్లర్‌ను బిగించుచుండెను. బిగించినదానినే మరల బిగించుచుండెను. బిగింపడా మఱి?

డిర్కీయు, అతని విమానసంఘమువారును శనివారములందు విమానములెగురవేయు ఆ మైదానము లెటీ ఫూరీ అను నామెది. కంచె కావల ఆమె ముద్దుల నిప్పుకోడి బెట్టా గుడ్లు పొదుగుచున్నది. క్రిందటి శనివారము డిర్కీ విమానము చేసిన భీకరఘోషకు బెట్టా దిగ్గున లేచి, తన గుడ్డునే తాను త్రొక్కి, కంచెను గ్రుద్దుకొనెను. లెటీ తిన్నగా వచ్చి తీర్పు చెప్పెను.

“చూడు డిర్కీ, ఇంకొక్కసారి అది గుడ్ల మీంచి లేచిందంటే మీ సంఘమంతా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. నీ రొట్టెలు బాగుంటాయని మొహమాటపడతాననుకోకు.”

చుట్టుప్రక్కల చదును నేల మఱి లేదు. ఉన్నదంతయు రాళ్లు, ముళ్లపొదలు, ఇతరుల నిప్పుకోళ్లు. కావున ఆ వారమంతయు డిర్కీ పిండి పిసుకుచును పొగగొట్టమునే ధ్యానించెను. కేకలు వేయు పాత గొట్టమును ఊడబెఱికి, మూరెడు సైలెన్సర్‌ను తగిలించెను. బల్లపై నడిపి చూడగా ఇంజను పిల్లివలె గుఱ్ఱుమనెను. పొంగిపోయి, ఎండిన యేటి యిసుకకు కొనిపోయి యెగురవేయగా, గాలిలోకి లేచిన మఱుక్షణము అదే అరుపు, అదే గోల. దిగునప్పుడు చక్రము విఱుగుట అదనపు బహుమానము.

అప్పుడు వీరునికి కనువిప్పు కలిగెను. నేలపై బరువుగా తిరుగు ప్రొపెల్లర్ గాలిలో తేలికపడి, అడ్డూ అదుపూ లేక గిరగిర తిరుగుచున్నది; అరచుచున్నది పొగగొట్టము కాదు, ఆ రెక్కల కొనలు. ఇన్నాళ్లును దొంగను విడిచి వాని తమ్ముని చావబాదితినని డిర్కీ సిగ్గుపడెను. పిదప పెట్టె తెఱచి, తన ప్రొపెల్లర్లనెల్ల కొలువు తీర్చి, ఇట్లు గర్జించెను:

“ఓ హ్రస్వపక్షములారా, వేగమదాంధులారా, మీ సేవలిక చాలు. ఓ విశాలపక్షా, మందగమనా, నీవే రమ్ము. ఇంధనమున నైట్రో అను కారమును తగ్గించెదను, ఆముదమును పెంచెదను. నీవు మెల్లగా తిరిగి మా నేలను నిలుపుము.”

“ఎవరితో అంత పెద్ద మాటలు? అక్కడ రొట్టె మాడిపోతోంది” అని భార్య వంటింటి నుండి పలికెను. వీరుడు పరుగున పోయెను.

ఇదిగో, నేడు సంఘమంతయు ఊపిరి బిగబట్టి నిలిచెను. లెటీ విమానమునకు వీపు పెట్టి, కుర్చీలో బటానీలు ఒలుచుచు, చూపు బెట్టాపైనే నిలిపి కూర్చుండెను. డిర్కీ మిత్రుడు మానీ ఆ ప్రొపెల్లర్ పొడవు చూచి పెదవి విఱిచెను.

“ఇది విమానమా, సీలింగు ఫ్యానా? ఇది నేల వదిలితే నా మీసం తీసేస్తా.”

విమానము ఆముదపు పొగ గ్రక్కుచు, ఆపసోపములు పడుచు పరుగిడెను. నేల వదలదు. చూచుచుండగనే కంచె దగ్గరకు వచ్చుచున్నది. తుదకు కంచె మ్రోల చక్రములు లేచినవి. విమానము తీగకు జానెడు పైగా దాటి, సరిగా బెట్టా శిరస్సు మీదుగా సాగెను.

బెట్టా మెడ యెత్తెను. సంఘమునకు పై ప్రాణములు పైననే పోయెను. పక్షి ఒంటికంట పైకి చూచి, రెప్ప వాల్చి, మెడను మరల నేలపై పఱచుకొనెను.

విమానము ఒక చుట్టు తిరిగి దిగెను. డిర్కీ చెమర్చిన కన్నులు తుడుచుకొనుచు లెటీ చెంతకు పోయెను. ఆమె విసుగుతో వెనుకకు తిరిగి చూచెను.

“ఎంతసేపయ్యా? ఎప్పుడెగరేస్తావు? అవతల నాకు బోలెడు పనుంది.”

“ఎగిరి, దిగింది కూడా అక్కా.”

లెటీ విమానము వైపు, బెట్టా వైపు, మరల విమానము వైపు చూచెను. పిమ్మట దోసెడు బటానీలు అతని టోపీలో పోసెను. నేల దక్కెను. లోకములారా వినుడు: ఒక నిప్పుకోడి లేవకుండుట యను మహాద్భుతము ఇట్లు సిద్ధించెను. మానీ మీసము ఆ మధ్యాహ్నమే రాలెను.