శాంభవి గాజు, ప్రద్యుమ్న మునక

ఆదివారం పొద్దున్నే కృష్ణమ్మకు పసుపు కుంకుమలు సమర్పించి, చల్లపల్లి నుంచి వచ్చే అమ్మకు పదకొండింటికల్లా గుత్తివంకాయ వండిపెట్టాలన్నది భవానీపురం శాంభవి ప్లాను. రేవులో పసుపు విదిలించేసరికి దానితోపాటు బంగారు గాజూ నీళ్లలోకి జారింది. అమ్మ తన చేతిది తీసి తొడిగిన గాజది. ఇప్పుడు ఆవిడకు ఏమని చెప్పాలి?

భర్త ప్రద్యుమ్న కళ్లు మాత్రం మెరిశాయి. ఈ లెక్కల లెక్చరర్ విశాఖలో స్కూబా డైవింగ్ నేర్చుకుని ఏడాదైంది. ఇంతవరకు బెజవాడలో ఎవరికీ దాని అవసరం పడలేదు, పాపం.

"నీళ్లలో వస్తువులు వెతకడానికి వేరే కోర్సుందని మన ఊరి డైవర్ హన్నాగారు చెప్పారు కదండీ?" అంది శాంభవి.

"మునగడం వచ్చినవాడికి వెతకడం ఓ లెక్కా? అవన్నీ సర్టిఫికెట్ల పిచ్చి!" అంటూ ఇంటికెళ్లి, సిలిండరు తెచ్చుకుని దిగాడు. రెండు చేతులతో అడుగంతా కెలికాడు. బురద లేచి తన చెయ్యి తనకే కనపడలేదు. ఉత్త చేతులతో పైకి రావడానికి నామోషీ అడ్డొచ్చింది.

గట్టు మీద కుంకుమ పళ్లెంతో శాంభవి ఏడుస్తోంది. "ఏమైందమ్మా?" అంది ఒకావిడ. "ఆయన దిగి అరగంటైందండీ." ఇక చెప్పేదేముంది! జనం పోగయ్యారు. పక్కింటి బాలశౌరి, అప్పుడే బస్సు దిగిన శాంభవి తల్లి రాజ్యలక్ష్మికి ఫోన్ చేసి, తాను చూడనిదంతా చెప్పేశాడు. ఆవిడ ఆటోలో వచ్చి కూతుర్ని కావలించుకుని గొల్లుమంది.

సరిగ్గా అప్పుడే నెత్తిన నాచుతో, చేతిలో కొబ్బరిచిప్పతో అల్లుడు తేలాడు.

"నా తండ్రే! బతికున్నారా!"

అత్తగారి ప్రేమకు ప్రద్యుమ్న కరిగిపోయాడు. "గాజు దొరకలేదు అత్తయ్యగారూ, క్షమించండి!"

"గాజు పోతే పోనీండి బాబూ, మనిషి దక్కారు." కళ్లు తుడుచుకుని ఆవిడ కూతురి చేతివైపు తిరిగింది. "ఏ గాజే?"

శాంభవి కబురుతో హన్నా వచ్చింది. బురద దిగేదాకా ఆగి, మెట్టుకు తాడు కట్టి, కొంచెం కొంచెంగా వదులుతూ గుండ్రంగా వెతికింది. ఇరవై నిమిషాల్లో గాజుతో పైకొచ్చింది. "మునగడం మీకూ వచ్చు సార్. వెతకడం వేరే చదువు," అంది.

"వచ్చే వారమే చేరతాను," అన్నాడు ప్రద్యుమ్న బుద్ధిగా.

"మీరొద్దు బాబూ, నా గుండె ఆగుతుంది! శాంభవీ, నువ్వు నేర్చుకోవే," అంది అత్తగారు.

శాంభవి మొదటి పాఠం నుంచి మొదలుపెట్టి వెతికే కోర్సుదాకా వచ్చింది. ప్రద్యుమ్న ప్రస్తుతం ఆమె హ్యాండ్‌బ్యాగు పట్టుకుని ఒడ్డున నిలబడటంలో ప్రత్యేక శిక్షణ పొందుతున్నాడు.