కోరుట్లకు ధర్నా

ఆ పొద్దున సుజాత తలపెట్టింది చిన్న పనే. కోరుట్ల బడిలో ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు బంద్ కాబట్టి ఏదో ఆటో పట్టుకుని వెళ్లి, పరీక్ష చేయించుకుని, ఎవరికీ తెలియకుండా ఇల్లు చేరాలి.

నిజానికి ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రైతు రాజలక్ష్మి పసుపు చేనులో తాను కూలికి కలుపు తీస్తుంటే, ఆశా కార్యకర్త సుమలత గట్టు మీద నిలబడి రాజలక్ష్మికి చెప్పడం విన్నది. తానూ రావచ్చా అని అడిగితే, కూలివాళ్లు పని విడిచి రారనుకుని వాళ్లుండే వాడకట్టుకు చెప్పలేదని సుమలత మొహమాటపడింది. సుజాత తల్లి ఆ జబ్బుతోనే పోయింది. తెలిసేసరికి ముదిరిపోయింది. అందుకే సుజాత ఆ రోజు కూలి మానుకుంది.

గడపలో బీడీలు చుడుతున్న అత్త కొమురవ్వ ఎక్కడికని అడిగింది. ఇలాంటి పరీక్ష మాటెత్తితే అత్త ఇల్లు కదలనివ్వదు. సుజాత నోటికొచ్చింది చెప్పేసింది.

"కోరుట్లకు పోతున్న అత్తమ్మా. ధర్నా ఉన్నదట."

కొమురవ్వ బీడీల చాట పక్కన పెట్టింది. "ఒక్కదానివే ఎట్ల పోతవ్? నేను గూడ అస్త."

అంతటితో ఆగలేదు. ఆమె వాడకట్టంతా తిరిగి చెప్పింది. వాడకట్టులోని మొగిలి ట్రాక్టరు తీశాడు. ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నారు. ధర్నా సంగతి ముందు తెచ్చింది సుజాతేనని ఆమె చేతికి జెండా ఇచ్చి ముందు నిలబెట్టారు. దారి పొడవునా నినాదాలు సాగాయి. సుజాత పెదాలు మాత్రమే కదిలాయి.

తీరా కోరుట్లలో ధర్నా లేదు. ఆ రోజు ధర్నా జగిత్యాలలో అని పాన్‌డబ్బా అతను చెప్పాడు. ఇంత దూరం వచ్చి ఊరికే పోవడమేమిటని కొమురవ్వ అందరినీ నడిరోడ్డు మీద కూర్చోబెట్టింది. వెనక ఆగిపోయిన బండ్లలో మొదటిది ఆటో. అందులో రాజలక్ష్మి, సుమలత, ఇంకొందరు రైతుల ఇళ్ల ఆడవాళ్లు ఉన్నారు. సుజాత జెండా చాటున మొహం దాచుకుంది.

కాసేపటికి పోలీసులు వచ్చి అందరినీ వ్యానెక్కించారు. సమ్మెలో బడి మూతపడి ఖాళీగా ఉందని అక్కడికే తీసుకెళ్లారు. బస్సులు లేక ఒక్క మనిషీ రాని పరీక్షల గదిలో ఈగలు తోలుకుంటున్న డాక్టరమ్మ, వ్యాను నిండా ఆడవాళ్లను చూసి ఎస్సైకి దండం పెట్టింది. ఎందుకో అర్థం కాకపోయినా ఎస్సై తిరిగి దండం పెట్టాడు.

లోపల మంచం, తెర చూసి, జైలుకు పంపేముందు చేసే పరీక్షలేమోనని ఆడవాళ్లు బెదిరిపోయారు. ఇక దాచి లాభం లేదు.

"ధర్నా అని అబద్ధం చెప్పిన అత్తమ్మా. నేను గీ పరీక్షకే అచ్చిన. మా అవ్వ గిట్లనే పోయింది. నాకు భయమైతున్నది."

కొమురవ్వ లేచింది. డాక్టరమ్మ దగ్గరికి పోయి నొప్పి ఉంటుందా, మగవాళ్లెవరైనా లోపలికి వస్తారా అని అడిగి తెలుసుకుంది. తరువాత కొంగు దోపుకుంది.

"తెలంగాణ అచ్చేదాక బతకాలె గదా. ముందు నన్ను జూడుమను."

ఒకరి వెనక ఒకరు అందరూ చేయించుకున్నారు. ఆటో దిగి నడిచొచ్చిన రాజలక్ష్మి, తన చేనులో కలుపు తీసేవాళ్ల వెనక వరుసలో నిలబడింది. సుజాతకు ఏమీ లేదన్నారు. లోపల మచ్చ బయటపడింది కొమురవ్వకు. ముదరకముందే దొరికిందనీ, చిన్న చికిత్సతో పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. అత్త చెయ్యి పట్టుకుని సుజాత ఏడ్చింది. నవ్వింది కూడా. చెప్పినట్టే ఆ మచ్చ పోయింది.

మరుసటి ఏడు పరీక్షల కబురు తీసుకుని సుమలత మొదట వాడకట్టుకే వచ్చింది. అంతా విని కొమురవ్వ ఒక్కటే అడిగింది, ఈసారి కూడా బండి పోలీసులదేనా అని.