ముందర గదిలో శిగం

ఆటలకు ఒక గది దండుగ అని రాజేందర్ గట్టి అభిప్రాయం. కంఠేశ్వర్‌లో అతని ఇంటి ముందర గదిలో భార్య సుకన్య పన్నెండు మంది చిన్నపిల్లలతో బడి నడుపుతోంది. అక్కడ పలక లేదు, బెత్తం లేదు, పొద్దస్తమానం ఆటలే. ఆడుతుంటే మాటలూ లెక్కలూ వాటంతటవే వస్తాయంటుంది. ఆ గదే ఆమె ప్రాణం. రాజేందర్‌కేమో అందులో పసుపు బస్తాలు వేసుకోవాలని ఉంది.

ఎదురుగా అడిగే ధైర్యం లేక ఎత్తు వేశాడు. గదిలో పాము తిరుగుతోందంటే పిల్లలే మానేస్తారు. ఈ సంగతి పడగ్గది తలుపేసుకుని, మిత్రుడు భోజన్నకు ఫోన్లో చెప్పి మురిసిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం మబ్బు కమ్మి కరెంటు పోయింది. ఇదే అదను అనుకుని, పామును చూసినట్టు అరవడానికి గదిలో అడుగుపెట్టాడు. లోపల మాటా పలుకూ లేదు. పిల్లలు గుండ్రంగా కూర్చుని అతని వైపే చూస్తున్నారు. ఎవరో డబ్బా మీద మెల్లగా దరువు వేస్తున్నారు. నడుమ ఒక పిల్ల జుట్టు విరబోసుకుని, ముఖమంతా పసుపుతో, వేపకొమ్మ పట్టుకుని, అమ్మవారు పూనినట్టు శిగమూగుతోంది. అది తన ఐదేళ్ల కూతురు అఖిల అని పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

"రాజేందరూ, నా గద్దె తీసి బస్తాలు పెడ్తవా? లేని పాము ఉన్నదంటవా?" అంది బొంగురు గొంతుతో.

పిల్లలెవరూ నవ్వలేదు. అతని కాళ్లు వాటంతటవే వంగాయి.

"తప్పయింది తల్లీ. గది జోలికి రాను. ఒట్టు."

"ఏం పాము?" అంది వెనక నుంచి సుకన్య.

ఈ వారం పిల్లలది ఊర పండుగ ఆటట, అమ్మవారికి మేకను బలివ్వడంతో సహా. శిగం వంతు అఖిలది, మేక వంతు మహేష్ అనే పిల్లాడిది. విన్న మాటలేవైనా అందులో కలిపి చెప్పుకోవచ్చట. నిన్న దాగుడుమూతల్లో అఖిల పడగ్గది మంచం కింద దాక్కుందని రాజేందర్‌కు అప్పుడు తెలిసింది.

ఆటలో వేసిన ఒట్టు చెల్లదని గొణిగాడు.

"గా మాట అమ్మవారికే చెప్పు," అంది సుకన్య.

వెనక్కి తిరిగాడు. అఖిల ఇంకా ఊగుతూనే ఉంది, రెప్ప వేయకుండా. అతను చేతులు జోడించాడు.

చివరికి అఖిల ఊగడం ఆపి మామూలు గొంతుతో, "బాపూ, మహేష్ రేపు ఊరికి పోతడట. మాకు మేక లేదు," అంది.

పిల్లలందరూ ఒక్కసారిగా అతని మెడ వైపు చూశారు.

"సరే, వస్త," అన్నాడు రాజేందర్.