గొట్టానికి మూడు కోతలు

శరీరంలో రక్తం ఎటు పారాలో నిర్ణయించే అధికారం గుండెకు లేదు. కృత్రిమ రక్తనాళ భౌతిక తనిఖీ విభాగానికి ఉంది. (గుండెకు ఈ సంగతి ఇంకా లిఖితపూర్వకంగా తెలియజేయలేదు.)

ఆ విభాగానికి నూజివీడులో అధికారి లక్ష్మీనరసింహారావు గారు. పాతికేళ్లు మామిడి మార్కెట్లో కాయల నాణ్యత చూసి, డిప్యుటేషన్ మీద రక్తనాళాలకు మారారు.

మంగళవారం ఉదయం ఆయన టేబుల్ మీదకు సీలు వేసిన ప్యాకెట్ వచ్చింది. లోపల జానెడు తెల్లటి గొట్టం. వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నని నానో పోగులతో, విస్సన్నపేట మామిడి రైతు సలోమోను కుడికాలి కొలతకు నేసింది. మోకాలి కింద ఆయన రక్తనాళం మూసుకుపోయింది. శనివారంలోగా ఈ గొట్టం వెయ్యకపోతే కాలు దక్కదు. ఆ మాట చెప్పిన డాక్టర్ వినీల, సలోమోను భార్య ఇన్నమ్మ టేబుల్ కి ఇవతల నిలబడ్డారు.

"పోగు మందం ఎంతమ్మా?"

"వంద నానోమీటర్లండీ."

"ఫారంలో అంగుళాలే ఉన్నాయి."

"అయితే అంగుళంలో రెండున్నర లక్షల్లో ఒక వంతండీ."

ఆయన టేపు పెట్టి చూశారు. సున్నా అని రాశారు. (మందం లేని పోగులతో గొట్టం ఎలా తయారైందన్నది ఆడిట్ వారు చూసుకుంటారు.)

తర్వాత సొరుగులోంచి కత్తి తీసి, ప్యాకెట్ చించారు.

"సార్! ఏం చేస్తున్నారు?" వినీల ముందుకు ఉరికింది.

"శాంపిలమ్మా. కొయ్యకుండా పాస్ చేస్తే నా ఉద్యోగం పోద్ది. ఏ సరుకైనా మూడు కోతలు. తొడిమ వైపు, నడుము, అడుగు."

"కాయైతే గుట్టలో ఇంకా వెయ్యి ఉంటాయయ్యా! ఇదొక్కటే! దీనికి తొడిమేంటి?" అని ఇన్నమ్మ అరిచేసరికి మూడో కోత కూడా అయిపోయింది.

ఆయన ఒక ముక్క వాసన చూశారు. కళ్లజోడు పైకి జరిపి లోపల పురుగుందేమో చూశారు. (రుచి చూడలేదు. నిజాయితీపరుడు.)

"ఫస్ట్ క్లాస్ సరుకు!" అని స్టాంపు గుద్దారు. 'అమర్చుటకు యోగ్యము. నిల్వ: నాలుగు ముక్కలు.'

"ఇంకోటి నేయడానికి ఆరు వారాలు పడుతుందండీ," వినీల ముక్కలు ఏరుకుంటూ చెప్పింది. "కాలికి నాలుగు రోజులే ఉంది."

"కాలు లేకపోతే ఆ మనిషి తోటలోకి ఎట్లా పోతాడయ్యా?" ఇన్నమ్మ కుర్చీ పట్టుకుని కూలబడింది.

లక్ష్మీనరసింహారావు గారి మనసు కరిగింది. రూల్సు పుస్తకం తెరిచి, ఓపిగ్గా వేలు పెట్టి చూపించారు.

"కంగారు పడకమ్మా. తనిఖీ అంతా ఒంట్లో పెట్టేవాటికే. తీసేవాటికి మా పర్మిషన్ అక్కర్లేదు. కాలు ఈ రోజే తీయించుకోవచ్చు."